నొప్పి లేని కాలు

నమోదు 1

డాక్టర్ షమీమ్ రాయమంది కాబట్టి రాస్తున్నాను. నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడిదాకా పోతుంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, ఇవి రాస్తే చాలంది. "మిగతా కబుర్లు కూడా రాసుకో నూకరత్నం, నేనేమీ అనుకోను. అబద్ధం మాత్రం రాయకు," అంది.

ఎడమ పిర్రలో మొదలవుతుంది. తొడ వెనక నుంచి దిగి, పిక్క పక్కగా పోయి, పాదం మీదుగా బొటనవేలి దాకా వెళుతుంది. ఒళ్లు నొప్పుల్లాంటిది కాదు. కాల్చిన తీగను కాలి లోపల నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంటుంది. కూర్చుంటే ఎక్కువ. తుమ్మితే నడుం నుంచి మడమ దాకా ఒక్క మెరుపు. లేచి నాలుగడుగులు వేస్తే కొంచెం నయం.

ఎలా వచ్చిందో నాకు తెలుసు. సముద్రం ఊరి మీదికి రాకుండా ఆపే ఈ గట్టు మీద నేను పీతలు కాస్తాను. పీతలంటే ఆరు కాళ్ల యంత్రాలు. సముద్రపు తలుపుల గాడుల్లో పేరుకునే గుల్లల్ని అవి గీకేస్తుంటాయి. ఆటు సమయంలో వాటిని నీళ్లలోంచి పైకి తీసి, మంచినీళ్లతో కడిగి, కీళ్లకు నూనె పెట్టి, బ్యాటరీలు మార్చి మళ్లీ దింపాలి. ఒక్కోటి బడికెళ్లే పిల్లంత బరువు. ఎత్తే గిలక తుప్పుపట్టి విరిగినప్పటి నుంచి చేతులతోనే ఎత్తుతున్నాం. ఒకరోజు ఒక పీత గాడిలో ఇరుక్కుంది. వంగి, ఒక పక్కకు తిరిగి, ఊపి లాగాను. నడుంలో ఏదో కలుక్కుమంది. మర్నాటికి నడుం సర్దుకుంది, కాలు అంటుకుంది.

వైద్యుల ఓడ అమావాస్య పోటు తర్వాత మా గట్టుకు వస్తుంది. డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు మెల్లగా పైకెత్తింది. సగం కూడా లేవకముందే కేక పెట్టాను.

"జబ్బు కాల్లో లేదు, నడుంలో ఉంది," అంది. "వెన్నెముకల మధ్య మెత్తటి బిళ్లలుంటాయి. నీకు కింది బిళ్ల ఒకటి పక్కకి ఉబ్బి, కాల్లోకి దిగే నరం మొదలును నొక్కుతోంది. తలుపు సందులో తోక పడితే పిల్లి అరిచేది నోటితోనే కదా. ఇదీ అంతే. దీన్నే సయాటికా అంటారు."

"కోత పెట్టాలా?"

"చాలామందికి అక్కర్లేదు. కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో ఉబ్బు దానంతటదే తగ్గుతుంది. మంచానికి అతుక్కుపోకు, నడువు. వంగి బరువులెత్తకు. నేను చెప్పిన వ్యాయామాలు చెయ్యి. పాదం పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరి పట్టినా, మూత్రం సంగతి తేడాగా ఉన్నా మాత్రం ఓడ కోసం చూడొద్దు. రేడియోలో పిలవండి. వెంటనే."

తర్వాత నడుం దగ్గర చర్మం కింద మౌని అనే చిన్న యంత్రాన్ని పెట్టింది. చింతగింజంత ఉంటుంది. నరంలో పైకి పాకే నొప్పిని మధ్యలోనే ఆపుతుంది. పదిలో నాలుగు దగ్గర ఉంచింది.

"పది దాకా పెంచెయ్యండి డాక్టరమ్మా. మా వోళ్లంతా అలగే పెట్టుకుంతారు," అన్నాను.

"పంటినొప్పికి పెట్టుకోవచ్చు. దీనికి కాదు. నరం ఇబ్బందిలో ఉంటే నాకూ నీకూ తెలియాలి. తెలిపేది నొప్పే. నాలుగు దాటించొద్దు."

మౌనికి వారం వారం పలక ఆనించి శక్తి ఎక్కించాలి; అంకె పెంచేదీ దించేదీ ఆ పలకతోనే. మౌని వీపు వైపు ఉంది కాబట్టి నాకు అందదు. అందుకని తోడు మనిషి ఒకరుండాలి. డాక్టరు కాక ఇంకో ఇద్దరి బొటనవేళ్లకే పలక పలుకుతుంది. ఒకటి నాది. రెండోది ఎవరిదని డాక్టరు అడిగేలోగానే మా అప్ప వేలు చాచింది.

అప్ప అంటే మా అక్క, పేరు కొండమ్మ. ఈ గట్టుకు మేస్త్రీ. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది. ఇప్పటికీ ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం.

నమోదు 2

వ్యాయామాలు చేస్తున్నాను. బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీ ఎత్తి, పాములా ఉండాలి. మొదట చచ్చేంత బాధ. అలా చేయగా చేయగా నొప్పి పాదంలోంచి పిక్కలోకి, పిక్కలోంచి తొడలోకి జరుగుతోంది. డాక్టరు చెప్పింది: నొప్పి కిందికి దిగితే చెడు, పైకి ఎక్కితే మంచి. బావిలో నీళ్లు చూసినట్టు రోజూ ఎంత పైకి వచ్చిందో చూసుకుంటున్నాను.

పీతల పని దాలినాయుడు ఒక్కడే చేస్తున్నాడు. నాకంటే పెద్దవాడు, మాటకారి. పీతల్ని కడగడానికి, నూనె పెట్టడానికి మాత్రమే నన్ను కూర్చోనిస్తాడు. కూర్చుంటేనే కదా నాకు నొప్పి, కాబట్టి నిలబడే కడుగుతున్నాను.

"మా అమ్మకీ ఈ తుంటి పోటే. ఆముదం రాసి, వేడి ఇసక మూట కట్టి, ఓ నెల మంచం దిగనిచ్చీవోరు కాదు," అన్నాడు.

"నెలకి తగ్గిందేటి?"

"తగ్గింది. మరి నడక కూడా తగ్గీసింది."

నవ్వితే నడుం పట్టేసింది. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

అప్ప మాత్రం నవ్వడం లేదు. దక్షిణం గట్టుకు గండి పడితే మా మనుషుల్లో సగం మందిని అటు తోలుకుపోయారు. ఇక్కడ మూడో తలుపు గాడిలో గుల్లలు పేరుకుపోయి తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. కింద చెయ్యంత సందు ఉంటోంది. మామూలు పోటుకి ఫరవాలేదు. తుఫాను పోటు వస్తే ఆ సందులోంచి సముద్రం లోపలికి వస్తుంది. గట్టు వెనక దిగువపేట ఉంది. సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊరు.

"ఎప్పటికి వత్తావే పన్లోకి?" అని అప్ప అడిగింది.

"డాక్టరు చెప్పీదాకా బరువెత్తకూడదు గదప్పా."

"అవునవును," అంది. అంతే.

నమోదు 5

నొప్పి లేదు.

మళ్లీ రాస్తాను. నొప్పి లేదు! పొద్దున లేచి అలవాటు ప్రకారం పక్కకి దొర్లి, మంచం పట్టె పట్టుకుని, పళ్లు బిగించి కాళ్లు కిందికి దించాను. ఏమీ కాలేదు. లేచి నిలబడ్డాను. ఏమీ లేదు. కావాలని తుమ్మాను. ముక్కులో గడ్డిపరక పెట్టుకుని మరీ తుమ్మాను. ఏమీ లేదు.

నిన్న సాయంత్రం తొడ దాకా ఎక్కిన నొప్పి రాత్రికి రాత్రి మాయమైంది. ఇన్నాళ్లూ పాములా పడుకున్న ఫలం. డాక్టరు చెప్పినట్టే జరిగింది. గట్టు పొడవునా నడిచాను. తూర్పు గాలి మొహానికి కొడుతుంటే చెప్పలేనంత సంతోషం. ఇంతకాలం నా ఒళ్లు నన్ను మోసం చేసిందని లోపల కోపంగా ఉండేది. ఇవాళ దాంతో రాజీ పడ్డాను.

దాలినాయుడు ముందు గంతులేస్తే, "ఒలమ్మో, పడతావే తల్లీ!" అని రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం నేలమీద మఠం వేసుకుని అన్నం తిన్నాను. ఎన్నాళ్లయిందో. అప్ప నెత్తళ్ల పులుసు పెట్టింది. కబుర్లు చెబుతూ, నవ్వుతూ, రెండోసారి వడ్డించుకున్నాను. అప్ప నా వైపు చూసి, చూపు తిప్పుకుని, గిన్నె కడగడానికి లేచిపోయింది. ఏడుపు ఆపుకోవడానికి పోయింది అనుకున్నాను. నా సంతోషం చూసి.

నమోదు 6

పన్లోకి దిగాను. డాక్టరు ఇంకా చెప్పలేదు నిజమే. కానీ తుఫాను కాలం ముంచుకొస్తోంది, నాకు నొప్పి లేదు. అప్ప వద్దనలేదు. "మెల్లగా సెయ్యి," అంది.

మొదటి రోజు వంగకుండా, మోకాళ్లు మడిచి, పీతను గుండెకు ఆనించుకుని ఎత్తాను. డాక్టరు చూపించిన పద్ధతి అదే. సాయంత్రానికి ఆ పద్ధతి మర్చిపోయి మామూలుగా వంగి లాగేస్తున్నాను. ఒళ్లు ఏమీ అనడం లేదు. అననప్పుడు ఎందుకు గుర్తుంటుంది?

మూడో తలుపు గాడి సగం శుభ్రమైంది.

నమోదు 9

ఇవాళ ఒక తమాషా. నూనె కొట్టు నుంచి మెట్లు దిగి తలుపుల గదిలోకి వచ్చాను. వెనకాల నుంచి దాలినాయుడు పిలిచాడు.

"ఒలే రత్నం, నీ సెప్పొకటి మెట్ల మీదుండిపోనాది. సూసుకోలేదేటి?"

చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిందో తెలియదు. తడి రాతి మీద ఒట్టి పాదంతో నడిచి వచ్చాను.

నవ్వేశాను. అతను నవ్వలేదు. "నీ నడక మారినాది. ఆ పాదం టప్ టప్‌మని నేలకేసి కొడతన్నావు," అన్నాడు.

సాయంత్రం అప్పకు చెప్పాను. పాదం పట్టు తప్పితే రేడియోలో పిలవమంది కదా డాక్టరు, ఒకసారి కనుక్కోమన్నాను. రేడియో మేస్త్రీ దగ్గరే ఉంటుంది. అప్ప రేడియో గదిలోకి వెళ్లి కాసేపటికి వచ్చింది.

"సెప్పినాను. నరం అలిసిపోయుంతాదంట, బయిపడక్కర్లేదంట. ఓడొచ్చినప్పుడు సూత్తానన్నాది."

హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. చెప్పుకు వెనక ఒక తాడు కట్టుకున్నాను.

నమోదు 11

తుఫాను వచ్చింది, పోయింది. గట్టు నిలబడింది. ఇది రాయాలి.

తెల్లవారేసరికి సముద్రం గట్టు అంచు దాకా లేచింది. ఒకటో తలుపు, రెండో తలుపు మూసుకున్నాయి. మూడోది కిందికి దిగుతూ దిగుతూ ఆగిపోయింది. మోటారు మూలుగుతోంది, తలుపు కదలదు. గాడి అడుగున ఏదో ఇరుక్కుంది. ఎవరో దిగి తియ్యాలి, మరొకరు పైన చేతిచక్రం తిప్పాలి.

ఆ గాడి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అప్ప నా మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయి, చేతిచక్రం వైపు తిరిగింది. నేనే నడుముకు తాడు కట్టుకుని దిగాను.

రొమ్ము లోతు నీళ్లు. అలలు కొట్టినప్పుడల్లా తల మునుగుతోంది. కాళ్లతో తడిమితే అడుగున ఒక పీత నుజ్జునుజ్జుగా దొరికింది. గునపం దూర్చి, ఎడమకాలు గోడకు తన్నిపెట్టి, నడుం మెలి తిప్పి లాగాను. రెండుసార్లు ఆ కాలు జారిపోయింది. గోడకు తన్నిపెట్టానని నేను అనుకుంటున్నాను, అది మాత్రం అక్కడ లేదు. మూడోసారి పీత ఊడి వచ్చింది. పైన అప్ప, దాలినాయుడు కలిసి చక్రం తిప్పారు. తలుపు దిగింది. సముద్రం బయట ఉండిపోయింది.

నన్ను పైకి లాగాక దాలినాయుడు నా కాలు చూసి, "అమ్మో!" అన్నాడు. గుల్లల అంచులకు అరికాలు ఇంత పొడవున కోసుకుపోయింది. నెత్తురు గట్టు మీద ధారలు కడుతోంది.

అప్ప తన చీర చెంగు చింపి కట్టింది. వెక్కివెక్కి ఏడ్చింది. మేస్త్రీ అందరి ముందూ అలా ఏడవడం ఎవరూ చూడలేదు.

"ఎందుకప్పా ఏడుత్తావు? నాకు నొప్పే లేదు," అన్నాను.

ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

నమోదు 14

తుఫాను దెబ్బకి వైద్యుల ఓడ దారి మళ్లింది. ఎప్పుడొస్తుందో తెలియదు.

అరికాలి కోత మానుతోంది. కానీ మెట్లెక్కుతుంటే ఎడమపాదం కొస మెట్టు అంచుకు తగులుకుంటోంది. నిన్న రెండుసార్లు బోర్లాపడ్డాను. మడమల మీద నిలబడదామని చూశాను. కుడిపాదం లేచింది. ఎడమది లేవలేదు, ఎవరిదో పాదాన్ని చూసినట్టు దాన్ని చూస్తూ ఉండిపోయాను. నా మాట అది వినలేదు.

ఇంకొకటి రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అబద్ధం రాయొద్దంది కదా. బల్ల మీద కూర్చుంటే బల్ల సరిగ్గా తెలియడం లేదు. కింద మందపాటి గుడ్డ పరిచినట్టుంది. మూత్రానికి వెళితే మొదలుకావడానికి చాలాసేపు పడుతోంది.

ఇదంతా అప్పకు చెప్పాను. ఆమె మొహం తెల్లబోయింది. చేతిలో పప్పు చేట కింద పెట్టి రేడియో గదికి పరుగెత్తింది.

ఓడ రేపు వస్తుందట. మా కోసమే తిరిగి వస్తోందట.

నమోదు 15

ఓడలోనే ఉన్నాను. ఇది పడుకుని రాస్తున్నాను. మధ్యాహ్నం కోత.

డాక్టరు రాగానే నన్ను మడమల మీద నడవమంది. నడవలేకపోయాను. బొటనవేలు పైకి లేపమంది. లేవలేదు. సూదితో పాదం మీద, తొడల లోపల, కూర్చునే చోట పొడుస్తూ తెలుస్తోందా అని అడిగింది. కొన్నిచోట్ల తెలియలేదు.

"ఇంత జరుగుతుంటే నొప్పి ఎలా ఓర్చుకున్నావు?" అంది.

"నొప్పి లేదు డాక్టరమ్మా. ఎప్పుడో పోయింది."

ఆమె చెయ్యి ఆగింది. "మౌని ఎంతలో ఉంది?"

"నాలుగులోనే. మీరు పెట్టిందే."

పలక తెచ్చి నా నడుముకు ఆనించింది. చూసింది. తర్వాత పలక నా మొహం ముందుకు తిప్పింది. పది.

"కాదు," అన్నాను. "అది తప్పు సూపిస్తంది."

"చూద్దాం. మెల్లగా దించుతాను. చెయ్యి పట్టుకో."

తొమ్మిదికి ఏమీ కాలేదు. ఏడు దగ్గర పిక్కలో ఏదో కదిలింది. ఐదుకి వచ్చేసరికి నేను మనిషిని కాదు. ఇన్నాళ్లూ తలుపు అవతల ఆపిన సముద్రమంతా ఒక్కసారి నా కాల్లోకి వచ్చింది. అరిచిన అరుపు గట్టు మీద వాళ్లకి వినపడిందట. డాక్టరు గబగబా మళ్లీ పెంచింది.

"ఎవరు పెంచారమ్మా దీన్ని?" అంది నెమ్మదిగా.

నేను కాదు. నాకు అందదు.

"అలిసిన నరమని రేడియోలో మీరే సెప్పారంట గదా, సెప్పు జారిపోనాదని మా అప్ప సెప్పినప్పుడు?"

డాక్టర్ షమీమ్ కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "నాకెవరూ చెప్పలేదు నూకరత్నం. మొదటి కబురు నిన్ననే వచ్చింది. మౌని స్పర్శను తీసెయ్యదు, నొప్పిని మాత్రమే ఆపుతుంది. చెప్పు జారిన సంగతి తెలియలేదంటే ఆ రోజుకే నరం నలుగుతోందన్న మాట. అప్పుడే తెలిసి ఉంటే..." ఆ మాట అక్కడితో ఆపేసింది.

ప్రతి వారం నేను బోర్లా పడుకునేదాన్ని. అప్ప పలక ఆనించేది. ఆ కాసేపూ నా జుట్టు నిమురుతూ ఉండేది. పలక మీద అంకె ఎంతుందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అప్ప చూస్తోంది కదా.

అప్పను లోపలికి రమ్మన్నాను. డాక్టరు బయటికి వెళ్లింది.

గుమ్మం దగ్గరే నిలబడింది. పలక మంచం మీద ఉంది. చూసింది. అడగవలసిన పని లేకపోయింది.

"తుఫాను దాటీదాకే అనుకున్నానే. ఒట్టు. మూడో తలుపు మూసుకోలేదు. మనుషుల్లేరు. నువ్వు దిగకపోతే దిగువపేట ములిగిపోయీది."

"నన్నడిగుంటే దిగీదాన్ని గదప్పా."

ఆమె తల ఎత్తింది.

"నొప్పితోనే దిగీదాన్ని. 'పది పెడతాను, తుఫానెల్లిపోగానే దించుతాను, నీ కాలికేటైనా అవ్వొచ్చు, దిగుతావా' అని అడిగుంటే, నువ్వే పెట్టమని పడుకునీదాన్ని. నన్నెందుకడగలేదు?"

"వద్దంతావేమోనని."

"వద్దంటే వద్దే. నా కాలు."

ఓడ కింద నీళ్లు తట్టుతున్న చప్పుడు. అప్ప చెంగుతో మొహం తుడుచుకుంది.

"సరే. తుఫాను ఎల్లిపోనాది. అప్పుడెందుకు దించలేదు?"

అప్ప గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "దించుదామని పలక సేత్తో పట్టుకున్నానే. నువ్వు బోర్లా పడుకుని తుఫాను కబుర్లు సెప్పి నవ్వతన్నావు. దించితే నీకు నొప్పొచ్చీది. నొప్పొస్తే తెలిసిపోయీది. ఈ వారం కాదు, వొచ్చే వారం అనుకున్నాను."

"రేడియోలో ఎవలితో మాటాడినావు, ఆ రోజు?"

"ఎవలితోనూ లేదు. గదిలో కూకుని వచ్చీసినాను."

అది అన్నిటికంటే లోతుగా దిగింది. వేలు పెట్టి అంకె పెంచడం ఒక్క క్షణం పని. ఆ గదిలో ఊరికే కూర్చుని, ఎంతసేపు కూర్చుంటే నేను నమ్ముతానో లెక్కగట్టుకుని, లేచి వచ్చి, డాక్టరు అన్నట్టు మాటలు అల్లి చెప్పడం క్షణం పని కాదు.

ఇంకొకటి కూడా ఉంది. అది అప్పకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. నొప్పి పోయిన ఆ ఉదయం, గట్టు పొడవునా నడిచిన నడక, గడ్డిపరకతో తుమ్మిన తుమ్ము, నా ఒంటితో నేను పడ్డ రాజీ, అవన్నీ నా కష్టార్జితం అనుకున్నాను. నా జీవితంలో అంత సంతోషం కొద్దిసార్లే ఎరుగుదును. అది కూడా ఆమె వేలి ముద్రే.

"ఎల్లప్పా," అన్నాను. "మేస్త్రీవి. గట్టు మీద పనుంతాది."

నమోదు 16

కోత అయింది. నడుములో వేలెడంత గాటు పెట్టి, నరం మీద కూర్చున్న బిళ్ల ముక్కను తీశారు. డాక్టరు సీసాలో చూపించింది. ఉడికిన చేపముక్కలా తెల్లగా, గోరంత ఉంది. ఇంతదానికా ఇంత!

ఇంకొంచెం ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోయేదట. అది తప్పింది. కూర్చునే చోట తిమ్మిరి కొంచెం వదిలింది. పాదం మాత్రం వేలాడుతూనే ఉంది.

"లేస్తుందా?"

"నరం మెల్లగా మొలుస్తుంది, వేరు పాకినట్టు. కొంతవరకు రావచ్చు. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను," అంది. ఆ మాట నాకు నచ్చింది. ఇవ్వలేని మాట ఇవ్వలేదు.

మౌనిని తీసెయ్యమన్నాను. కోత నొప్పికి కొన్నాళ్లు ఉంచుకోమంది. వద్దన్నాను. తోడుగా వేరే ఎవరి వేలైనా పెట్టించుకోవచ్చంది. ఎవరిదని ఆలోచించాను. ఒక్క పేరూ రాలేదు. తీసేసింది.

నమోదు 19

గట్టు మీదికి తిరిగి వచ్చాను. పాదం కిందికి జారకుండా పిక్క దాకా ప్లాస్టిక్ పట్టీ. ఆడవాళ్ల బసలో ఒక మంచం అడిగి తీసుకున్నాను. నా బట్టలు దాలినాయుడు మోసుకొచ్చాడు.

మూట దించి గుమ్మంలో గొంతుకూర్చున్నాడు. "ఒక మాటంతాను, కోప్పడకు. దిగువపేటోలంతా మీ అప్పకి దండాలెడతన్నారు. ఊరి కోసం సేసినాది గదా. సొంత సెల్లని కూడా సూడకుండా సేసినాదని గొప్పగా సెప్పుకుంతన్నారు."

"నీకలగ సేస్తే?"

నేల గీకుతూ ఉండిపోయాడు. లేచేముందు, "సెప్పు జారిన్నాడు నేనే డాక్టరుకి సెప్పీవలసింది," అన్నాడు.

"నీ సేతిలో రేడియో లేదు గదేటి," అన్నాను. అతని మీద నాకేమీ కోపం లేదు.

ఇప్పుడు పీతలు ఎత్తను. కొత్త గిలక బిగించేదాకా ఎవరూ ఒట్టి చేతులతో ఎత్తకూడదని పట్టుబట్టాను. అప్ప మారు మాట్లాడకుండా గిలక తెప్పించింది. పనివాళ్ల ఎదుట నేను ఆమెను మేస్త్రీ అనే పిలుస్తున్నాను.

నమోదు 23

నరం మేలుకుంటోంది. పాదం మీద చీమలు పాకినట్టు, ఉన్నట్టుండి బొటనవేలిలో నిప్పురవ్వ పడినట్టు. ఇలాంటి నొప్పి వస్తే మంచిదే అని డాక్టరు ముందే చెప్పింది. నిన్న పట్టీ విప్పి చూస్తే బొటనవేలు వెంట్రుకవాసి లేచింది. ఎంతసేపో దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున అప్ప వచ్చింది. ఇక్కడికి రావడం ఇదే మొదలు. గుమ్మం అవతల మెట్టు మీద కూర్చుంది. నేను మంచం మీద, పట్టీ లేని కాలు చాపుకుని ఉన్నాను. అప్ప చిక్కిపోయింది. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు.

చాలాసేపు గాలి గురించి, గిలక గురించి మాట్లాడింది. తర్వాత మెల్లగా లోపలికి జరిగి, నా పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. నేను లాక్కోలేదు. పచ్చిగా ఉన్న అరికాలి మచ్చ మీద వేలితో రాసింది. సరిగ్గా అప్పుడే బొటనవేలిలో రవ్వ పడి, మంట చీలమండ దాకా పాకింది. పళ్ల మధ్య నాలుక బిగించాను.

"నొప్పుందేటే నూకా?" అని అడిగింది.

పుట్టి బుద్ధెరిగాక నా ఒంట్లో ఏ మూల ఏం నొప్పి చేసినా మొదట ఆమెకే చెప్పాను. పన్ను కదిలినా, తొలిసారి ముట్టు వచ్చినా, జ్వరం తగిలినా.

"లేదప్పా," అన్నాను.

ఆమె మొహం విచ్చుకుంది. నా పాదాన్ని జాగ్రత్తగా పక్క మీద పెట్టి, కళ్లు ఒత్తుకుని, మళ్లీ వస్తానని చెప్పి మెట్లు దిగింది. ఎన్నాళ్ల బరువో దించుకున్నట్టు తేలికగా నడిచి వెళ్లింది.

నమ్మేసింది. అంత తేలిగ్గా నమ్మడం ఒకప్పుడు నాకూ వచ్చు.